కేటీ: పట్టాలు, వరి మళ్లు, ఇళ్ల ప్లాట్లు

టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్లను అడిగితే, నగరానికి పడమట ఉన్న కేటీ అనగానే మంచి బడులు, పెద్ద పెరళ్లున్న ఇళ్లు, పొద్దున ఆఫీసుకు బయల్దేరితే కదలని ట్రాఫిక్ అంటారు. 'మావాడు కేటీలో ఇల్లు తీసుకున్నాడు' అని తణుకులోనో మిర్యాలగూడలోనో గర్వంగా చెప్పుకునే తల్లిదండ్రులకు ఒక సంగతి తెలియకపోవచ్చు. ఆ కాలనీల్లో చాలావాటి కింద ఉన్నది వరి పొలం. మనవాళ్లు వరి మళ్లు విడిచి వేల మైళ్లు దాటి వెళ్లి, మళ్లీ వరి మళ్లలోనే ఇళ్లు కట్టుకున్నారు.

హాయిగా బతుకుతున్న పల్లెను మహానగరం మింగేసిందని కేటీ చరిత్ర చెప్పడం అక్కడ మామూలు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. కేటీని నిలబెట్టింది రైతులే. కానీ రైతు కంటే ముందు అక్కడికి ప్లాట్ల నక్షా వచ్చింది. నూట పాతికేళ్లుగా అక్కడ చేతులు మారుతూ వచ్చింది భూమే. మొదట పొలాలుగా, తర్వాత గ్యాస్ లీజులుగా, ఆఖరికి గజాల్లో. కొన్నవాళ్లూ మారారు, కొన్న కారణాలూ మారాయి. నేల గుణం మాత్రం మారలేదు. పైన బల్లపరుపు గడ్డి మైదానం, కొద్ది లోతులో నీరు ఇంకనివ్వని బంకమన్ను. వాన పడితే నీరు ఎటూ పోక అక్కడే నిలుస్తుంది.

ఈ గుణం వల్లే చాలాకాలం ఆ మైదానం ఎవరికీ పట్టలేదు. 1820ల్లో స్టీఫెన్ ఆస్టిన్ తెచ్చిన వలసదారులు బ్రజోస్ నది ఒడ్డున ఉన్న సారవంతమైన నేలలు చూసుకున్నారు. బానిసల చేత పత్తి పండించిన తోటలు అక్కడే లేచాయి. మైదానం పశువుల మేతకు మిగిలింది. హారిస్‌బర్గ్ నుంచి శాన్ ఫెలిపే వెళ్లే బళ్ల దారి దీని మీదుగా పోయేది. దారిలో ఒక వాగు పక్కన ఎత్తుగా రెల్లు పెరిగి ఉండేది కాబట్టి ఆ చోటును కేన్ ఐలండ్ అన్నారు. బానిసత్వం రద్దయ్యాక కొన్ని నల్లజాతి కుటుంబాలు అక్కడ కాపురం పెట్టాయి.

ఊరు రావాలంటే రైలు రావాలి. మిస్సోరీ, కాన్సస్ అండ్ టెక్సస్ రైల్వే (ఎంకేటీ) 1872 డిసెంబరులో రెడ్ రివర్ దాటి డెనిసన్ చేరింది. ఉత్తరం నుంచి టెక్సస్‌లోకి వచ్చిన మొదటి రైలు మార్గం అదే. స్టాక్ మార్కెట్‌లో ఆ కంపెనీ గుర్తు 'కే-టీ'. జనం నోట అది కేటీ అయింది. 1893లో పట్టాలు హ్యూస్టన్‌ను అందుకున్నాయి. దారిలో కేన్ ఐలండ్ దగ్గర 1895లో జేమ్స్ ఆలివర్ థామస్ అనే ఆయన ప్లాట్లు గీయించాడు. 1896 జనవరిలో పోస్టాఫీసు కోసం పేరు పెట్టవలసి వస్తే రైలు పేరే పెట్టేశారు.

ఆ రైల్వే కంపెనీకి ప్రచారపు పిచ్చి ఎంతుండేదో చెప్పాలంటే అదే ఏడాది సెప్టెంబరులో జరిగిన ఉదంతం ఒకటి చాలు. వేకో దగ్గర కంపెనీ ఉద్యోగి విలియం క్రష్ ఒక తాత్కాలిక ఊరు కట్టించి, రెండు రైళ్లను ఎదురెదురుగా ఢీకొట్టించే వినోదం ఏర్పాటు చేశాడు. సుమారు నలభై వేల మంది చూడటానికి వచ్చారు. బాయిలర్లు పేలి ఇనుప ముక్కలు జనం మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. జనాన్ని రైలెక్కించడానికి ఇంత దూరం పోయిన కంపెనీ ఖాళీ మైదానాన్ని అమ్ముకోలేదా? మిడ్‌వెస్ట్ రైతులకు తగ్గింపు టికెట్లిచ్చి, భూములు చూపించడానికి ప్రత్యేకంగా రైళ్లలో తీసుకురావడం ఆనాటి రైల్వేలకు మామూలు వ్యాపారం. అక్కడి గోధుమ, మొక్కజొన్న రైతులకు చదునుగా, రాయీ చెట్టూ లేకుండా ఉన్న ఈ నేల తమ ఊరి నేలలాగే కనిపించింది. ధర మాత్రం అక్కడి దానిలో కొంతే.

అలా వచ్చినవాళ్లు మొదట మొక్కజొన్న, పత్తి, వేరుశనగ వేశారు. 1898లో స్టేషన్ లేచింది. 1900 సెప్టెంబరులో తీరాన ఉన్న గాల్వెస్టన్‌ను తుడిచిపెట్టిన తుఫాను లోపలికి వచ్చి కేటీలో ఇళ్లను చాలావరకు కూల్చింది. అప్పటికి ఊరి వయసు ఐదేళ్లు. అంతటితో వదిలేసి పోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పోకుండా ఆపింది వరి.

నైరుతి లూసియానాలో 1880ల్లోనే ఒక విచిత్రం జరిగింది. అయోవా ప్రాంతం నుంచి వచ్చిన గోధుమ రైతులు వరిని గోధుమ లాగా పండించడం మొదలుపెట్టారు. నారు లేదు, నాట్లు లేవు, వంగిన నడుములు లేవు. గుర్రాలు లాగే యంత్రంతో పొడి దుక్కిలో విత్తడం, మొలకెత్తాక నీరు పెట్టడం, కోతకు ముందు నీరు తీసేసి నేల ఆరాక గోధుమ కోసే బైండరునే దింపడం. దీనికి రెండు కావాలి: యంత్రం బరువుకు కుంగని గట్టి అడుగు, నీరు ఇంకని మన్ను. కేటీ మైదానంలో రెండూ ఉన్నాయి. 1900ల తొలి ఏళ్లలో విలియం ఎయూల్ అనే రైతు అక్కడ వరి వేశాడు. మిగిలినవాళ్లు అతని వెనకే వచ్చారు. కాలువలు తవ్వడానికి దగ్గరలో పెద్ద నది లేదు కాబట్టి బోర్లు వేసి పంపులతో తోడారు. సరిగ్గా 1901లో బోమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ చమురు పడటంతో టెక్సస్ తీరమంతా పంపులకు ఇంధనం చవకైంది. ఇటు ఇంధనం తేవడానికీ అటు ధాన్యం పంపడానికీ రైలు ఉండనే ఉంది.

విత్తనం కథ కూడా చిన్నది కాదు. 1903లో సెయితో సైబారా అనే జపాన్ పెద్దమనిషి, ఒకప్పటి పార్లమెంటు సభ్యుడు, హ్యూస్టన్‌కు దక్షిణాన వెబ్‌స్టర్‌లో స్థిరపడి జపాన్ వరి విత్తనాలు తెప్పించాడు. అప్పటిదాకా ఉన్న రకాల కంటే వాటి దిగుబడి బాగా ఎక్కువ రావడంతో ఆ విత్తనం తీరమంతా పాకింది. తర్వాత బోమాంట్ పరిశోధన కేంద్రం సొంత రకాలు తెచ్చింది. 1961లో వచ్చిన ఒక స్వల్పకాలిక రకానికి బెల్ పాట్నా అని పేరు పెట్టారు, మన పాట్నాయే. అలాంటి రకాల వల్ల ఆగస్టులో ఒకసారి కోసి, మోళ్లకు మళ్లీ నీరూ ఎరువూ పెట్టి, పిలకల మీద రెండో పంట తీయడం టెక్సస్‌లో అలవాటైంది. మన దగ్గర చెరకుకు కార్శి తోట ఎలాగో వాళ్లకు వరి అలాగ.

ఊరి రూపాన్ని మార్చింది మాత్రం ఒక కట్టడం, 1944లో వచ్చిన కాంక్రీటు రైస్ డ్రయర్. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. బైండరు కాలంలో కోసిన పనలను పొలంలోనే నిలబెట్టి, గింజ ఆరాక నూర్పిడి యంత్రం దగ్గరకు చేర్చేవారు. దానికి మనుషులు కావాలి. రెండో ప్రపంచ యుద్ధం మనుషులను లాక్కుపోయింది. ఒక్క డ్రైవరుతో కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్ హార్వెస్టరు వచ్చి ఆ చిక్కు తీర్చి ఇంకో చిక్కు తెచ్చింది. ధాన్యం ఇరవై శాతం తేమతో పచ్చిగా చేతికొస్తుంది. రెండు రోజులు కుప్పలో ఉంటే వేడెక్కి రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రం దగ్గర 17 శాతం తేమ కోసం రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని మబ్బుల వైపు చూసే మన రైతుకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కేటీ రైతులు రోడ్డు మీద పోయలేదు. లారీలో తెచ్చి డ్రయర్ గోతిలో వంచేవారు. బకెట్ల గొలుసు దాన్ని పైకి ఎత్తి పోస్తే, నిలువు గదుల్లోంచి ధాన్యం మెల్లగా కిందికి జారుతుంటే పక్కనుంచి వేడిగాలి తోలేవారు. ఒక్క దఫాలో ఆరబెడితే గింజ పగిలి మిల్లులో నూక అవుతుంది. అందుకని కొంత ఆరబెట్టి, గోదాములో గంటల తరబడి ఊరుకోబెట్టి, లోపలి తేమ పైకి వచ్చాక మళ్లీ గాలికి పంపేవారు. ఇలా మూడు నాలుగు దఫాలు తిరిగి 12, 13 శాతానికి దిగితే అప్పుడు నిలవ. ఎత్తయిన గుడి కూడా లేని ఆ మైదానంలో ఆ కాంక్రీటు స్తంభాలు మైళ్ల దూరం నుంచి కనిపించేవి.

1930ల మధ్యలో పొలాల కింద గ్యాస్ పడింది. 1943లో హంబుల్ చమురు కంపెనీ పెద్ద గ్యాస్ ప్లాంటు తెరిచింది. సహజవాయువు ధరలు చెప్పుకునే వ్యాపారులు నేటికీ 'కేటీ హబ్' అంటారు. లీజు డబ్బులు రైతులకు కరువు ఏళ్లలో ఆసరా అయ్యాయి, ఊరికి పన్నులయ్యాయి. 1945లో కేటీ అధికారికంగా పట్టణమైంది. అయినా 1950 జనాభా లెక్కల్లో తేలింది 849 మందే. అంత చిన్న ఊరు హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ అనే మూడు కౌంటీల సరిహద్దు మీద కూర్చుంది. పక్కింటివాడి పన్ను రసీదు వేరే కౌంటీది కావచ్చు.

అక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. 1960ల్లో ఐ-10 హైవే వచ్చింది. 1965లో ఎంకేటీ ప్రయాణికుల రైళ్లన్నీ ఎత్తేసింది. హ్యూస్టన్ చమురు కంపెనీల ఆఫీసులు పడమటికి జరిగాయి. కొత్త బడులు, వాటి పేరు ప్రతిష్ఠలు చూసి కుటుంబాలు వచ్చాయి. 1980ల్లో వరి ధర పడిపోయింది, డీజిల్, బోరు ఖర్చు పెరిగింది. టెక్సస్‌లో 1980 ప్రాంతంలో ఐదు లక్షల ఎకరాలు దాటిన వరి ఇప్పుడు అందులో సగం కూడా లేదు. ఎకరా వరి మీద వచ్చేది ఎంత, ఆ ఎకరాను డెవలపర్‌కిస్తే వచ్చేది ఎంత అని లెక్క వేసుకున్న రైతును తప్పుపట్టలేం. అతని తాతకు ఆ నేల అమ్మినవాడూ అదే లెక్క వేశాడు. 1981లో ఊరివాళ్లు వరి పండగ మొదలుపెట్టారు. ఊరు ఒకదానికి పండగ చేస్తోందంటే అది చేజారుతోందని నా అనుమానం.

1991 నుంచి సింకో రాంచ్ అనే కాలనీలో ఇళ్లు లేచాయి. పూర్వం అక్కడ పశువులు, వేరుశనగ, వరి. 1999లో కేటీ మిల్స్ అనే భారీ మాల్ తెరిచారు. పేరులో మిల్లు ఉంది కానీ లోపల బట్టల దుకాణాలు. 2020 నాటికి పట్టణ పరిధిలో జనాభా 21,894. కేటీ అని చిరునామా రాసుకునేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. రెల్లు వాగు పాత పేరు కేన్ ఐలండ్‌ను కూడా ఒక కొత్త కాలనీకి బ్రాండుగా పెట్టేశారు. కోత మిగుల్చిన గింజల కోసం శీతాకాలం ఉత్తరం నుంచి దిగే బాతుల గుంపులు తగ్గిపోతుంటే, 1992లో కొందరు సంస్థగా ఏర్పడి మిగిలిన మైదానాన్ని కొని కాపాడటం మొదలుపెట్టారు. అదీ కొనుగోలే అనుకోండి, కట్టకుండా ఉంచడానికి.

రైలు సంగతి మరీ చిత్రం. 1988లో ఎంకేటీని యూనియన్ పసిఫిక్ కలిపేసుకుంది. హ్యూస్టన్ నుంచి కేటీ దాకా పట్టాలున్న జాగాను రాష్ట్ర రహదారి శాఖ కొని, 1990ల చివర్లో పట్టాలు పీకేసింది. ఆ జాగా కలుపుకుని 2008 నాటికి ఐ-10ను, అంటే కేటీ ఫ్రీవేను, వెడల్పు చేశారు. పక్కన సర్వీసు రోడ్లతో లెక్కిస్తే కొన్నిచోట్ల 26 వరసలు, ఖర్చు సుమారు 280 కోట్ల డాలర్లు. ట్రాఫిక్ తగ్గుతుందన్నారు. కొన్నేళ్లకే సాయంత్రం ప్రయాణం మళ్లీ పొడుగైంది. రోడ్డు ఎంత వెడల్పు చేస్తే అంత దూరాన ఇళ్లు కట్టారు మరి. ఊరికి పేరిచ్చిన రైలు ఇవాళ పాత స్టేషన్ భవనంలో మ్యూజియంగా, పక్కనే ఒక ఎర్ర గార్డు పెట్టెగా మిగిలింది.

నీటి లెక్క మాత్రం మిగిలే ఉంది. 1929, 1935లో హ్యూస్టన్ మునిగాక సైన్యపు ఇంజనీర్లు నగరానికి పడమట బార్కర్, ఆడిక్స్ అనే రెండు మట్టికట్టలు వేశారు. 1940ల్లో పూర్తయ్యాయి. మామూలు రోజుల్లో అవి ఖాళీగా ఉండే పొడి జలాశయాలు. నీరు ఎంత మేర నిలవగలదో అంత మేర భూమిని ప్రభుత్వం కొనలేదు. మిగిలినది అప్పట్లో పొలాలే కదా, పది రోజులు మునిగినా వరి చేను ఏమవుతుంది అనుకున్నారు. తర్వాత ఆ మిగిలిన భాగంలో కాలనీలు లేచాయి. 1990ల్లో ఫోర్ట్ బెండ్ కౌంటీ లేఅవుట్ కాగితాల మీద, ఈ స్థలం జలాశయంలో నీరు నిలిచినప్పుడు మునగవచ్చని ఒక చిన్న అక్షరాల సూచన చేర్చింది. ఇల్లు కొనేటప్పుడు వంటగది గ్రానైటు చూస్తారు, లేఅవుట్ కింద చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు?

2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫాను కొద్ది రోజుల్లో ఆ ప్రాంతంలో కొన్నిచోట్ల దాదాపు ఏడాది వాన కురిపించింది. బార్కర్ నిండి నీరు వెనక్కి ఎగదన్నింది. వేల ఇళ్లలో రోజుల తరబడి నిలిచింది. మనవాళ్ల ఇళ్లూ అందులో ఉన్నాయి. పడవల్లో బయటపడిన తెలుగు కుటుంబాలకు గుళ్లు, సంఘాలు, ఎరిగినవాళ్ల ఇళ్లు ఆశ్రయమయ్యాయి. బాధితులు దావా వేస్తే, తన జలాశయపు నీటిని ప్రైవేటు ఆస్తుల్లో నిలిపినందుకు ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబరులో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు తేల్చింది.

అదే ఏడాది టెక్సస్ చట్టం కూడా మార్చింది. 2019 సెప్టెంబరు నుంచి పాత ఇల్లు అమ్మేవారు అది గతంలో మునిగిందా, జలాశయపు ముంపు పరిధిలో ఉందా అని రాతపూర్వకంగా చెప్పాలి. కేటీలో ఇల్లు వెతికే తెలుగువాళ్లు ఏజెంటును మొదట తూర్పు ముఖమేనా అని అడుగుతారు. రెండో ప్రశ్న, హార్వీలో నీళ్లొచ్చాయా అని.