ఆరాక మిగిలిన వెలుగు

1963లో అమెరికా వాళ్ళు వేలా అనే ఉపగ్రహాలను జంటలు జంటలుగా ఆకాశంలోకి పంపడం మొదలుపెట్టారు. రష్యా వాళ్ళు ఒప్పందం మీరి అంతరిక్షంలో చాటుగా అణుబాంబులు పేలుస్తున్నారేమో కనిపెట్టాలని. పొరుగింటి మీద నిఘా అన్నమాట! 1967 జూలై 2న ఆ కాపలాదారులకు ఒక మెరుపు తగిలింది. కంటికి కనిపించేది కాదు, గామా కిరణాల మెరుపు. తీరా చూస్తే అది బాంబు కాదు, రష్యాదీ కాదు. అలాంటివి మరికొన్ని పోగయ్యాక, 1973లో గాని ఆ సంగతి లోకానికి చెప్పలేదు.

అక్కడినుంచి పాతికేళ్ళపాటు శాస్త్రజ్ఞులకు నిద్ర లేదు. కాసిని క్షణాలు మెరవడం, మాయమవడం. ఎక్కడిదా అని తల తిప్పేలోగా అక్కడేమీ ఉండదు. గ్రీసు దేశంలో పుట్టిన క్రిస్సా కువెలియోటూ అనే ఆవిడ, సహచరులతో కలిసి 1993లో వీటిని చెరిగి, రెండు సెకన్లలోపు ఆరిపోయేవాటినీ అంతకు మించి నిలిచేవాటినీ వేరు చేశారు, బియ్యంలోంచి నూకలు తీసినట్టు. కాని అవి దగ్గరివా, దూరానివా అన్నది మాత్రం తేలలేదు. కారణాలు చెబుతూ పుట్టిన సిద్ధాంతాలు నూరు దాటాయి!

మెరుపు పోయినా దాని సెగ ఎక్కడో మిగలాలి కదా అన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ మాటే నెగ్గింది. 1997 ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ అనే ఉపగ్రహం (బెప్పో అంటే ఇటలీలో జుసెప్పే అనే పేరున్న వాళ్ళని పిలిచే ముద్దుపేరు లెండి) మెరుపు వచ్చిన వైపే మళ్ళీ తిరిగి, ఎక్స్ రేలలో తగ్గిపోతున్న ఒక చుక్కని పట్టుకుంది. హాలండులో యాన్ వాన్ పారడైస్ గారి శిష్యులు, టైటస్ గలామా, పాల్ గ్రోట్ అనే కుర్రవాళ్ళు, ఆ రాత్రి తీసిన ఫొటోనీ, మార్చి 8న తీసిన ఫొటోనీ పోల్చి చూశారు. వారపత్రికల్లో 'తేడాలు కనుక్కోండి' అని వేస్తారే, అచ్చం అదే ఆట. మొదటి దాంట్లో ఉన్న చుక్క రెండో దాంట్లో లేదు. అదే మలివెలుగు. గురువుగారు 1999లో, 53 ఏళ్ళకే పోయారు. 2003 మార్చి 29ని ఆయన చూడలేదు.

ఆ సాయంత్రం మన గడియారం ప్రకారం అయిదూ ఏడు నిమిషాలకు, సింహరాశి వైపునుంచి సుమారు అర నిమిషంపాటు గామా కిరణాలు కురిశాయి. రెండు గంటలు తిరక్కుండానే ఆస్ట్రేలియాలోని టెలిస్కోపుకి ఆ చుక్క దొరికింది. సరదాకి చిన్న టెలిస్కోపు పెట్టుకున్న వాళ్ళకి కూడా అందేటంత వెలుగు! దగ్గరది కనక. దగ్గరంటే ఎంతనుకున్నారు? సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ వెలుగు బయల్దేరిన నాటికి మన భూమి మీద చెట్టూ చేమా లేవు. తక్కినవి చాలామటుకు ఇంతకన్నా ఎన్నో రెట్ల దూరాన ఉంటాయి. ఆ లెక్కన ఇది ఇరుగుపొరుగే.

బొగ్గుల కుంపటి చల్లారే తీరు గుర్తుందా? ముందు తెల్లటి భగభగ, తరవాత ఎరుపు, చివరికి బూడిద మీద చెయ్యి ఆనిస్తేగాని తెలియని వెచ్చదనం. మలివెలుగూ అంతే. ముందు ఎక్స్ రేలు, తరవాత కంటి వెలుగు, ఆఖరికి రేడియో తరంగాలు. అందుకని ఒక్క టెలిస్కోపుతో పని జరగదు. కుంపటి పోలిక ఇక్కడికే సరి. ఇక్కడ వెలిగేవి బొగ్గులు కావు. నక్షత్రంలోంచి ఇంచుమించు కాంతి వేగంతో చిమ్మిన ధార చుట్టూ ఉన్న వాయువుని ఢీకొంటే, అయస్కాంత బలానికి చిక్కి గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్లు. ధార నెమ్మదించిన కొద్దీ వెలుగు రంగు మారుతుంది.

వారం పదిరోజుల్లో మలివెలుగు మందగించేసరికి, దాని చాటునుంచి ఇంకో వెలుగు తేలింది. అరిజోనాలోనూ చిలీలోనూ వర్ణపటాలు తీసి చూస్తే, సందేహం లేదు, సూపర్నోవా! ఓ మహా నక్షత్రం కూలి పేలిపోవడం. 1998లోనూ ఒక మెరుపూ ఒక సూపర్నోవా ఒకేచోట కనిపించాయి గాని, ఆ మెరుపు మరీ నీరసం. కాకతాళీయమేమో అని సణిగినవాళ్ళు లేకపోలేదు. ఈసారి ఆ సణుగుడు ఆగింది. నిడివి మెరుపుల్లో ఎక్కువ భాగం పెద్ద నక్షత్రాల ఆఖరి ఘడియలేనని తేలిపోయింది.

ఇక మిగిలింది రేడియో వాళ్ళు. నాకైతే కథలో ఈ ఘట్టమే ఇష్టం. అమెరికాలోని రేడియో టెలిస్కోపులు 25వ రోజున ఒకసారి, 83వ రోజున మరోసారి ఆ చుక్క వెడల్పు కొలిస్తే, పెరుగుతూ కనిపించింది. మన దేశంలో పూణే దగ్గర నారాయణగావ్ పక్కన ఖోడద్‌లో, గోవింద్ స్వరూప్ గారి పూనికతో కట్టిన 30 పెద్ద పళ్ళేలున్నాయి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. హాలండులోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోపుతోపాటు ఇవి కూడా ఆ చుక్కని వదలకుండా కనిపెట్టాయి. పరిశీలన 1128వ రోజుదాకా సాగింది. అంటే 2006 ఏప్రిల్ ఆఖరు.