అంగడికి వచ్చిన విమాననౌకలు

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. అవి ఏ భూభాగమునుండియు లేచి వచ్చినవి కావు. బంగాళాఖాతమున సంచరించుచుండిన ర్యూజో అను విమానవాహక నౌకపైనుండి వచ్చినవి. ఇట్టి నౌక యొక్క శక్తి ఆంధ్రతీరమునకు ఆ దినమున తెలిసినది. ఇరువదితొమ్మిదేండ్ల తరువాత, 1971లో, విక్రాంత్ అను విమాననౌక మన పక్షమున అదే విశాఖకు వచ్చినది. అది మనము కట్టినది కాదు. ఇంగ్లండు సగము కట్టి విడిచిన దానిని మనము కొని పూర్తి చేయించుకొంటిమి. యుద్ధనౌకలలో నెల్ల మిక్కిలి వ్యయముతో కూడిన దీనిని ఒక దేశము మరియొక దేశమునకు ఏల అమ్మును? కొన్నవారికి నిజముగా దక్కునదేమి? నేటి ప్రసంగమున ఈ రెండు ప్రశ్నలను విచారింతము.

ఓడపైనుండి విమానమును తొలుత ఎగిరించినవాడు అమెరికాదేశస్థుడగు యూజీన్ ఈలీ. 1910 నవంబరులో బర్మింగ్‌హామ్ అను నౌకపై వేసిన చెక్కవేదికనుండి అతడు లేచెను. 1911 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమున మరియొక నౌకపై దిగెను. దిగిన విమానమును ఆపినవి వేదికకు అడ్డముగా కట్టిన త్రాళ్లు, వాని కొనలనున్న ఇసుకమూటలు. మూల సూత్రము నేటికిని అదియే. త్రాళ్లు ఉక్కువైనవి, ఇసుకమూటలకు మారుగా యంత్రములు వచ్చినవి. మొదటి మహాయుద్ధము ముగియుచుండగా, 1918లో, ఇంగ్లండు ఆర్గస్ నౌకను ఆద్యంతము చదునైన డెక్కుతో సిద్ధపరచినది. తరువాతి కథ శ్రోతలకు తెలియనిది కాదు.

మన విచారణకు కావలసినది 1942వ సంవత్సరము. అప్పుడు ఇంగ్లండునకు విమాననౌకలు చాలవయ్యెను. పెద్దవి కట్టుటకు వ్యవధి లేదు. అందుచే బరువైన కవచమును విడిచి, వర్తకపు ఓడలు కట్టు కార్ఖానాలు సయితము కట్టగలుగునట్లు చిన్న విమాననౌకల నమూనా నొకదానిని తయారు చేసిరి. వేగము 25 నాట్లు. యుద్ధము ముగియువరకు, మహా అయిన మూడేండ్లు, పనిచేసిన చాలునని వారి ఉద్దేశము. పదునారు నౌకలకు పని ప్రారంభించిరి. మొదటివి పసిఫిక్ సముద్రమును చేరునప్పటికి యుద్ధమే ముగిసినది. పెండ్లి ఆగిపోయిన ఇంట వంటసరకు మిగిలినట్లు ఈ నౌకలు ఇంగ్లండు చేత మిగిలిపోయినవి.

పదునారింటిలో తొమ్మిది కాలక్రమమున ఇతర దేశముల జెండాలక్రింద నడచినవి. ఫ్రాన్సు 1946లో ఒకదానిని ఎరువు తెచ్చుకొని పిమ్మట కొన్నది. హాలండు, ఆస్ట్రేలియా, కెనడా, బ్రెజిల్, అర్జెంటీనా వరుసగా వచ్చినవి. మనము 1957లో హెర్క్యులీస్ అను నౌకను కొంటిమి. 1945లో నీటికి దింపి, మరు సంవత్సరమే పని నిలిపివేసిన నౌక అది. అసంపూర్తి నౌకను కొనుట నష్టబేరమని తోచవచ్చును. నాకు తోచినంతవరకు అదియే తెలివైన బేరము. ఏలయనగా ఆ నడుమ జెట్ విమానములు వచ్చినవి. అవి బరువైనవి, వేగము కలవి. పాత డెక్కుపై దిగుచు త్రాడు తప్పిన విమానము ఎదుట నిలిపియున్న విమానములపై పడకుండుటకు అడ్డముగా వల కట్టెడివారు. వలలో పడినను ప్రమాదమే. దీనికి క్యాంబెల్ అను నావికాధికారి 1951లో చెప్పిన ఉపాయము ఎంత సులభమనగా, ముందే ఏల తోచలేదని ఆశ్చర్యము కలుగును. దిగు బాటను నౌక పొడవునకు కొంచెము వాలుగా పక్కకు త్రిప్పుట, అంతే. త్రాడు తప్పినవాడు తిరిగి ఎగిరి చుట్టివచ్చును. బాయిలరు ఆవిరితో విమానమును విసరు యంత్రమును మిచెల్ అను ఇంజనీరు కల్పించెను. దిగువానికి త్రోవ చూపు అద్దపు దీపము మూడవది. ఈ మూడును ఇంగ్లండులో పుట్టినవే. అమెరికావారును వీనిని స్వీకరించిరి. పూర్తికాని నౌకలో వీనిని అమర్చుట సుకరము. కావుననే విక్రాంత్ 1961 మార్చి 4న బెల్‌ఫాస్టు రేవులో మన నౌకాదళమున చేరునాటికి ఈ మూడును దానియందుండెను.

అయితే నౌకతో బేరము ముగియదు. నౌకకు విమానములు కావలెను. వానికి విడిభాగములు కావలెను. విక్రాంత్‌పైనుండిన సీ హాక్ విమానములు ఇంగ్లండులో తయారగుట మానివేసినందున పశ్చిమ జర్మనీ వాడి విడిచిన వానిని మనము కొనవలసివచ్చెను. 1971 డిసెంబరు నాటికి దాని బాయిలరులలో నొకటి చెడియుండెను. విమాననౌకకు వేగమనగా ప్రయాణసౌకర్యము మాత్రమే కాదు. గాలికెదురుగా పరుగెత్తి డెక్కుపై గాలిని పుట్టించినగాని విమానము లేవదు. ఆ కుంటినడకతోనే విక్రాంత్ కాక్స్‌బజారుపైకిని చట్టగ్రామముపైకిని విమానములను పంపినది. దానిని వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ ఎదుట మునిగినది.

అమ్మినవాని కష్టమును చూడుడు. ఇంగ్లండు 1948లో హాలండునకు అమ్మిన వెనరబుల్ నౌక పిమ్మట అర్జెంటీనా చేరి, మే 25 అను పేరు తాల్చినది. నడుమ అగ్నిప్రమాదమున దాని బాయిలరులు పాడుకాగా, ఎన్నడును పూర్తికాని లెవయతన్ అను సోదరనౌక బాయిలరులను దానికి పెట్టిరి. 1982లో ఫాక్లండు దీవుల యుద్ధమున ఈ నౌకయే ఇంగ్లండు నౌకలపైకి వచ్చినది. మే 2వ తేదీ ఉదయమున గాలి చాలనందున నిండు బాంబులతో విమానములను పంపలేకపోయినది. ఇంగ్లండువారి అదృష్టమును ఆ నాడు నిలిపినది సముద్రముపై గాలి లేకపోవుటయే యని చెప్పవచ్చును. విచిత్రమేమనగా, తమ ఇన్విన్సిబుల్ నౌకను ఆస్ట్రేలియాకు అమ్ముటకు ఆ సంవత్సరమే ఇంగ్లండు ఒప్పుకొనియుండెను. యుద్ధానంతరము ఆ బేరము మానుకొనినది. ఆ యుద్ధమున ముఖ్యనౌకగా నుండిన హెర్మీస్‌ను మాత్రము 1986లో మనకు అమ్మినది. అదియే విరాట్, 2017 వరకు మనకు సేవచేసినది.

ఉచితముగా వచ్చినదానికే వెల హెచ్చని రష్యా నేర్పినది. గోర్ష్కొవ్ నౌకను 2004లో ఊరక ఇచ్చెదమనిరి; మరమ్మతు వెల 97 కోట్ల డాలర్లు. కార్ఖానాలో విప్పిచూడగా మార్చవలసిన తంతులు, యంత్రములు లెక్కకు మించియుండెను. వెల 235 కోట్ల డాలర్లకు పెరిగినది. 2008లో రావలసిన నౌక 2013 నవంబరులో విక్రమాదిత్య యను పేర మన నౌకాదళమున చేరినది. అప్పటికే కొచ్చిలో మనవారు స్వంత నౌకను కట్టుచుండిరి.

ఇకముందు ఈ వర్తకము ఎట్లుండును? మూడేండ్ల కొరకని కట్టిన నౌకలు అంతగా మిగిలిపోవు పరిస్థితి మరల వచ్చునని నేననుకొనను. నేటి దేశములు తమ నౌకలను అరిగిపోవువరకు తామే వాడుకొనుచున్నవి. ఫ్రాన్సు నుండి బ్రెజిల్ 2000లో కొన్న ఫోష్ నౌకను విరుచుటకు చోటు దొరకక 2023 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సముద్రమున ముంచివేసిరి. ఇక అమ్ముడుపోవునవి నౌకలు కావు, నౌకలలోని వస్తువులు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మన నౌకాదళమున చేరిన క్రొత్త విక్రాంత్ ఉక్కు స్వదేశీయము. దానిని నడుపు టర్బైన్ల నమూనా అమెరికాది, మొదట దానిపై నియోగించిన యుద్ధవిమానములు రష్యావి. ఇరువదియారు రఫేల్ విమానములకై ఫ్రాన్సుతో 2025 ఏప్రిల్‌లో ఒప్పందము జరిగినది.