కాగితం నుంచి మొబైల్ తెర దాకా: తెలుగు లిపిని చదివే యంత్రదృష్టి – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ ఒకప్పుడు సరోజినీ నాయుడు నివాసం. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలి అడుగులు వేసింది ఈ భవనంలోనే. అక్కడికి దగ్గరలోనే అబిడ్స్ కాలిబాటల మీద ఆదివారాలు పాత పుస్తకాలు అమ్ముతారు. అదే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మొబైల్ ఫోన్లకు పేరుపొందింది. పాత పుస్తకంలోనూ, కొత్త ఫోన్ తెర మీదా కనిపించేది ఒకే తెలుగు లిపి. కాని యంత్రం ఆ రెండింటినీ చదివే తీరు వేరు. కాగితం మీది అక్షరాన్ని యంత్రం చూసి గుర్తించక తప్పదు. తెర మీది అక్షరం సంకేతరూపంలో ముందే యంత్రంలో ఉంటుంది. అలాంటప్పుడు మొబైల్ తెరను చూసి అర్థం చేసుకునే కృత్రిమ మేధ అవసరం ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నను తెలుగు లిపి చరిత్ర వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాగితం మీది అక్షరం

అచ్చు తెలుగును యంత్రంతో చదివించే పరిశోధనకు అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లో ప్రచురించిన పత్రం తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది. వీరిలో దీక్షితులు తరువాతి కాలంలో హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థకు సారథ్యం వహించారు. ఆ పద్ధతిలో రెండు దశలున్నాయి. మొదట వంపుగీతల వెంట సాగి అక్షర భాగాలను గుర్తిస్తారు. తరువాత మూలాక్షరాన్ని నిర్ణయిస్తారు.

గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి విస్తరించిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఈ పరిశోధనను ముందుకు తీసుకువెళ్లింది. అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం 2001లో ప్రకటించిన పత్రం ప్రకారం గుణింతాలు, ఒత్తులు కలిసి తెలుగులో సుమారు 10,000 అక్షరరూపాలు ఏర్పడతాయి. వారు ఆ రూపాలను అతుకు తెగని ముక్కలుగా విడదీసి, గుర్తించవలసిన నమూనాలను 370కి తగ్గించారు. దాదాపు 92 శాతం కచ్చితత్వం సాధించారు. 2003లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హిందీ, తెలుగు లిపులను కలిపి చదివే వ్యవస్థను రూపొందించారు. 2015 నాటికి రాకేశ్ ఆచంట, ట్రెవర్ హేస్టీ తెలుగు అక్షరాల గుర్తింపునకు డీప్ లెర్నింగ్ పద్ధతిని అన్వయించారు.

తెర మీది అక్షరం

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. ‘స్త్రీ’ అన్న పదం కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది సకారం, హలంతచిహ్నం, తకారం, హలంతచిహ్నం, రేఫం, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. అంధులకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాధారణంగా ఆధారపడేది ఈ సంకేతాల మీదే గాని అక్షరాల ఆకారం మీద కాదు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ 2009 నుంచి ఈ పని చేస్తున్నాయి.

అయితే ప్రమాణం వచ్చినంత మాత్రాన అది వాడుకలోకి రాలేదు. డీటీపీ రంగంలో తెలుగు చాలాకాలం పాత ఫాంట్ల మీదే నడిచింది. ఆ ఫాంట్లలో లోపల దాగినవి ఆంగ్లాక్షరాల సంకేతాలు, పైకి కనిపించేవి తెలుగు ఆకారాలు. అదే ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠం అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా మారిపోయేది. అందువల్ల తెలుగును బొమ్మగా పంపడం అలవాటయింది. యూనికోడ్ వాడుక పెరిగిన తరువాత కూడా ఆహ్వానపత్రికలు, ప్రకటనలు, స్క్రీన్‌షాట్లు బొమ్మలుగానే ఫోన్లలో తిరుగుతున్నాయి. ఇక అనేక యాప్‌లలో బటన్లకు అంతర్గతమైన పేరే ఉండదు. స్క్రీన్ రీడర్ అక్కడ ‘బటన్’ అని మాత్రమే పలికి ఊరుకుంటుంది.

తెరను చిత్రంగా చూడటం

యంత్రదృష్టి ప్రవేశించింది ఈ లోటును పూరించడానికే. 2017లో వెలువడిన రికో అనే దత్తాంశంలో 72,000కు పైగా మొబైల్ తెరల చిత్రాలు, వాటి నిర్మాణ వివరాలు ఉన్నాయి. 2020లో యాపిల్ సంస్థ ఐఫోన్‌లో స్క్రీన్ రికగ్నిషన్ సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. అది పిక్సెళ్లను మాత్రమే చూసి ఏది బటన్, ఏది బొమ్మ, ఏది పాఠం అని నిర్ణయిస్తుంది. 2024లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన స్క్రీన్ ఏఐ నమూనా తెరను గురించిన ప్రశ్నలకు సమాధానాలు కూడా ఇస్తుంది.

కాగితంతో పోలిస్తే తెర శుభ్రమైనది. సిరా మరక ఉండదు, పుట వంకర ఉండదు. కాని అక్షరాలు చిన్నవి, ఒత్తులు ఇరుకు, వెనుక రంగులు అనేకం. అబిడ్స్ వంటి చోట ఒకే తెర మీద తెలుగు, ఆంగ్లం, ఉర్దూ కలిసి కనిపించడం సహజం. ‘వ’, ‘ప’ అక్షరాలకు ప్రధాన భేదం తలకట్టు కలిసి ఉండటం, విడిగా ఉండటం. చెల్లింపు తెర మీది ‘వద్దు’ను యంత్రం ‘పద్దు’గా చదివిందనుకుందాం. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి నిఘంటువు ఆ తప్పును పట్టుకోలేదు. తెర చూడలేని మనిషి ఆ మాటను నమ్మి వేలు నొక్కితే నష్టపోయేది అతని డబ్బు.

ముగింపు

సంకేతం సాక్ష్యం వంటిది, దృష్టి అనుమానం వంటిది. సాక్ష్యం లేనిచోట అనుమానప్రమాణం అవసరమే గాని అది సాక్ష్యానికి ప్రత్యామ్నాయం కాదు. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఈ దృష్టితో చూస్తే యాప్‌లోని ప్రతి బటన్‌కూ తెలుగులో సరైన పేరు పెట్టడం మొదటి బాధ్యత. యంత్రదృష్టి స్థానం ఆ తరువాతే.

ఇందులో తెలుగు శాఖలకూ పాత్ర ఉంది. తాళపత్ర ప్రతులలో లేఖకులు ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా పొరబడతారో పాఠపరిష్కర్తలకు తెలుసు. యంత్రం చేసే పొరపాట్లలో చాలావరకు ఆ కోవకే చెందుతాయి. తెలుగు తెరల నమూనాలను సేకరించి, ఒత్తులు, గుణింతాలు, లిపిసామ్యాల వారీగా ఆ పొరపాట్లను వర్గీకరించడం నేటి పరిశోధకులు చేపట్టదగిన పాఠపరిష్కరణ.