పక్షపు లెక్క, సంవత్సరపు లెక్క

అప్పున్నదని చెప్పువాడే దానిని రుజువు చేయవలెననునది న్యాయస్థానములు చిరకాలముగా పాటించుచున్న సూత్రము. చెప్పువాడు ప్రభుత్వమైనను ఇది మారదు. ఆస్ట్రేలియాలో ఈ నిర్ణయమును కంప్యూటరునకు అప్పగించినపుడు ఆ సూత్రము తలక్రిందులైన వైనము తెలిసికొనదగినది.

అచ్చట నిరుద్యోగులకును విద్యార్థులకును ఇచ్చు భృతి పదునాలుగు దినముల పక్షమునకొకసారి లెక్కింపబడును. ఆ పక్షమున తాము స్వయముగా ఆర్జించినదానినిబట్టి భృతి తగ్గును. పన్నుల శాఖ యొద్ద అప్పుడుండినది మాత్రము సంవత్సరాదాయపు మొత్తము. 2016 లో అమలైన పద్ధతి ఆ మొత్తమును 26 పక్షములకు సమముగా పంచి, భృతి ఎక్కువగా తీసికొంటిరని తేల్చి, తాఖీదులు పంపెడిది. ఒక విద్యార్థి ఆరు నెలలు పనిచేసి 26,000 డాలర్లు ఆర్జించెననుకొందము. తక్కిన ఆరు నెలలు పనిలేక న్యాయముగనే భృతి పొందెను. యంత్రము దృష్టిలో అతడు ఏడాది పొడుగునను పక్షమునకు వేయి డాలర్లు సంపాదించినవాడు! భాగహారములో తప్పులేదు; చట్టము అడిగిన సంఖ్య అది కాదు. పూర్వము ఇట్టి సందేహము కలిగినపుడు ఉద్యోగులు సాధారణముగా యజమానులకు వ్రాసి విచారించెడివారు. ఇప్పుడో, ఏండ్లనాటి జీతపు చీటీలు వెదకి తెచ్చు భారము పౌరునిపై బడినది. జనులు దీనికి ‘రోబోడెట్’ అని పేరు పెట్టిరి.

2017 లోనే పాలనా విషయముల అప్పీళ్ల ట్రిబ్యునలు సభ్యుడు టెర్రీ కార్నీ ఇట్టి అప్పులు చెల్లవని తీర్పులు చెప్పెను. ప్రభుత్వము వానిపై అప్పీలు చేయలేదు. ఆనాడు పై అంతస్తు తీర్పులు ప్రచురింపబడెడివి గాని, క్రింది అంతస్తువి ప్రచురింపబడెడివి కావు. కావున గెలిచినవాని అప్పు రద్దయ్యెను, పద్ధతి మాత్రము నడచుచునేయుండెను. ఫైళ్ల నడక ఎరిగిన మనకు ఈ మెళకువ వింతగా తోచదు.

2019 నవంబరు 27 న ఫెడరల్ కోర్టులో ఒక యువతి వేసిన దావాలో ప్రభుత్వము ఒప్పుకొనక తప్పలేదు. ఆమెపై మోపిన అప్పు చెల్లదని కోర్టు ప్రకటించెను. 2020 మే నెలలో 4,70,000 అప్పులకుగాను 72 కోట్ల 10 లక్షల డాలర్లు తిరిగి ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించినది. తిరిగి ఈయరానివియు కలవు. తాఖీదులందుకొన్న పిమ్మట ఆత్మహత్య చేసికొన్న కుమారుల తల్లులు తరువాత రాయల్ కమిషను ఎదుట సాక్ష్యమిచ్చిరి.

క్వీన్స్‌లాండు మాజీ ప్రధాన న్యాయమూర్తి కాథరిన్ హోమ్స్ ఆ కమిషనుకు అధ్యక్షురాలు. 2023 జూలై 7 న ఆమె సమర్పించిన నివేదిక పాత ఫైళ్లను వెలికితీసినది. సగటు లెక్క చట్టసమ్మతము కాదని శాఖా న్యాయాధికారులు వ్రాసియిచ్చిన అభిప్రాయము వానిలో నుండెను. దాని తేదీ 2014 డిసెంబరు.