మూన్నారు: మూడు ఏరులు కలిసిన చోటు

మధుర నుండి పడమరగా తేని, బోడినాయకనూరుల మీదుగా పోయి పడమటి కనుమలు ఎక్కు ప్రయాణికునకు కొన్ని గంటలలోనే రెండు ఋతువులు అనుభవమునకు వచ్చును. బోడినాయకనూరులో చెమట తుడుచుకొన్న కండువానే బోడిమెట్టు దాటినంతనే చలికి చెవులచుట్టు కట్టుకొనవలసి వచ్చును. అటుపిమ్మట త్రోవకు ఇరువైపుల తేయాకు తోటలు కనబడును. కొండ మలుపు తిరిగిన కొలదియు అవే పచ్చని గుబురులు, వాని నడుమ మనిషి పట్టునంతటి సన్నని బాటలు. చూచినవారందరు పచ్చని తివాచీ పరచినట్లున్నదని అందురు. ఆ మాట నిజమే అయినచో దాని వెంట ఒక ప్రశ్న కూడ పుట్టవలెను. తివాచీ దానంతటది మొలవదు. మరి దీనిని నేసినవారెవరు?

మూన్నారు కేరళ రాష్ట్రమున ఇడుక్కి జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. పేరు మనకు పరాయిది కాదు. మలయాళమున ‘మూన్ను’ అనగా మూడు, ‘ఆఱు’ అనగా ఏఱు. ముతిరప్పుళ, నల్లతణ్ణి, కుండల అను మూడు ఏరులు ఈ ఊరివద్ద కలియుచున్నవి. ఊరికి సమీపమున ఆనముడి శిఖరము 2,695 మీటర్ల ఎత్తున నిలిచి యున్నది. హిమాలయములకు దక్షిణమున భారతదేశములో ఇంతకంటె ఎత్తయిన శిఖరము లేదు.

నూటయేబది యేండ్ల క్రిందట ఇచ్చట తేయాకు మొక్క ఒక్కటియు లేదు. కొండల మడతలలో ‘శోల’ అని పిలువబడు దట్టమైన చిట్టడవులు, పైభాగమున గడ్డి మైదానములు, వానిలో ఏనుగులు, కొండమేకలు ఉండెడివి. మనుష్యులలో ముదువరులు అను గిరిజనులు ముఖ్యులు. తమ పూర్వులు మధుర ప్రాంతము విడిచి, పిల్లలను, దేవతామూర్తులను వీపున మోసికొని ఈ కొండలకు చేరినారని వారి గాథలు చెప్పుచున్నవి. 1816 నుండి 1820 వరకు వార్డు, కానరు అను ఇద్దరు సైనికాధికారులు తిరువాన్కూరు, కొచ్చి రాజ్యములను కొలిచి పటములు వ్రాసినారు. ఆ తరువాత అరువది యేండ్లు ఈ కొండలు ఇంచుమించు మునుపటి వలెనే ఉన్నవి.

మార్పు 1877లో ఒక పత్రముతో మొదలైనది. తిరువాన్కూరు కొలువులోని జాన్ డేనియల్ మన్రో అను అధికారి ఈ కొండసీమను పూంజారు రాజు వద్ద కవులుకు పుచ్చుకొన్నాడు. పత్రములోని భూమి 1,30,000 ఎకరాలకు పైబడినది. ఆ కొండలకు కన్నన్ తేవన్ కొండలని పేరు. కన్నన్ తేవన్ అను స్థానికపు పెద్ద పేరిట ఆ వాడుక వచ్చినదని చెప్పుదురు. అడవిలో తిరుగుచుండిన ముదువరులు ఆ పత్రమున చేవ్రాలు చేసినవారు కారు.

1879లో దొరలు కొందరు కలిసి ఒక వ్యవసాయసంఘము స్థాపించుకొని అడవి నరికించినారు. మొదట వారు నాటినది తేయాకు కాదు. కాఫీ, సింకోనా, ఏలకులు, నార కలబంద ఒకదాని తరువాత ఒకటిగా నాటి చూచినారు. ఆ కాలముననే సింహళమున ఆకుతెగులు తగిలి కాఫీ తోటలు నశించుచుండగా అచ్చటివారు తేయాకు వైపు తిరిగినారు. ఇచ్చట 1880లో షార్ప్ అను దొర పార్వతి అను తోటలో సుమారు 50 ఎకరాలలో తేయాకు నాటించినాడు. ఈ ప్రాంతమున అదియే మొదటి తేయాకు తోట అని ప్రసిద్ధి. 1895లో ఫిన్లే మ్యూర్ సంస్థ ప్రవేశించి చిన్న చిన్న తోటలను కొన్నది. 1897లో కన్నన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడినది. అప్పటినుండి ఊరును, బాటలును, అంగళ్ళును ఆ కంపెనీ నీడలోనే పెరిగినవి.

నేడు మనము సహజమైన ప్రకృతి అని మురిసి చూచు దృశ్యములో బయటినుండి వచ్చినదే ఎక్కువ. తేయాకు మొక్క చీనా, అస్సాము దేశముల జాతి. తోటల నడుమ నీడకై పెంచిన సిల్వరోకు చెట్టు ఆస్ట్రేలియానుండి వచ్చినది. ఆకు ఆరబెట్టు కర్మాగారములకు కట్టెలనిచ్చిన యూకలిప్టసు కూడ అచ్చటిదే. తేయాకును కత్తిరింపక విడిచినచో మానుగా ఎదుగును. మనిషి నడుమెత్తున బల్లపరుపుగా కనబడుటకు కారణము దానిని పదే పదే కత్తిరించుటయే. ఆ ఎత్తు ఆకు కోయు చేతికి అందు ఎత్తు. కొండ అందము మనిషి చేతి కొలతకు కుదిరినదన్నమాట.

ఆ చేతులు ఎక్కడివి? తిరునల్వేలి, మధుర, రామనాథపురము జిల్లాల మెట్టపల్లెలవి. తోటలకు కూలీలను తెచ్చువానిని కంగాణి అని పిలిచినారు. అతడు కరవు పల్లెలకు పోయి బయానా సొమ్ము చేతిలో పెట్టి కుటుంబములను కొండ ఎక్కించెడివాడు. ఆ బయానాయే అప్పు, ఆ అప్పే సంకెల. వచ్చినవారిలో పెక్కుమంది నిరుపేదలు, అంటరానివారని ఊరివెలుపల ఉంచబడినవారు. ఈ పద్ధతి మన తెలుగువారికి తెలియనిది కాదు. మలయా తోటలకు పోయిన మన కూలీలలో అనేకులు కంగాణి వెంట ఓడ ఎక్కినవారే. విశాఖపట్టణ మండలమునుండి అస్సాము తేయాకు తోటలకు తరలిపోయిన కుటుంబములు కూడ ఉన్నవి. అందుచేత మూన్నారు కథ ఒక విధముగా మన ఇంటి కథయే.

కూలీలకు కట్టి యిచ్చిన ఇండ్లను అచ్చట లయములందురు. ఒకే కప్పు క్రింద వరుసగా ఇరుకైన గదులు, గదికొక సంసారము. పని ఉన్నంతవరకే ఆ గది. పని ముగిసిననాడు ఇల్లును విడువవలెను.

కొండపైని సరకు క్రిందికి దింపుట మొదటినుండియు పెద్ద చిక్కు. 1902లో కుండల లోయలో ఒంటి పట్టాపై ఎద్దులు లాగు బండ్లను నడిపినారు. 1908లో దాని స్థానమున రెండడుగుల వెడల్పు గల చిన్న రైలుమార్గము వచ్చి, పొగబండి నడిచినది. తేయాకు పెట్టెలు రైలుపై టాప్ స్టేషనుకు చేరి, అచ్చటినుండి రోపువేపై వ్రేలాడుచు తమిళదేశపు వైపున నున్న కొట్టగుడికి దిగి, బోడినాయకనూరు మీదుగా రేవులకు పోయెడివి.

1924 జులై మాసమున ఎడతెగని వానలు కురిసినవి. కొల్లము శకము 1099వ సంవత్సరమగుటచేత కేరళీయులు దానిని తొంబదితొమ్మిదవ యేటి వరద అని నేటికిని తలచుకొందురు. కొండచరియలు విరిగిపడినవి, వంతెనలు కొట్టుకొనిపోయినవి, రైలుమార్గము రూపుమాసినది. దానిని మరల వేయలేదు. పూయంకుట్టి అడవిగుండా ఆలువకు పోవు పాత త్రోవ కూడ చెడిపోగా, నేర్యమంగలము మీదుగా కొత్త బాట వేసినారు. నాటి రైలు స్టేషను భవనము తరువాత తేయాకు సంస్థ కార్యాలయముగా మారినది. నల్లతణ్ణి తోటలోని తేయాకు ప్రదర్శనశాలలో ఆ రైలు ఇంజను చక్రమొకటి భద్రపరచినారు. చూడబోవు వారు దానివద్ద ఒక నిమిషము నిలువదగును.

ఊరిలో క్రైస్ట్ చర్చి అను రాతి దేవాలయమున్నది. దాని నిర్మాణము 1910-11 నాటిది. వెనుకనున్న కొండపై శ్మశానము అంతకంటె పాతది. 1894లో కలరాతో మరణించిన ఒక దొరసాని సమాధితో అది మొదలైనది. ఆమెకు రాయి ఉన్నది, రాతిపై పేరున్నది. అడవి నరుకుచు, బాట త్రవ్వుచు జ్వరములపాలైన కూలీలకు తోటయే స్మారకచిహ్నము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో తోట కార్మికుల చట్టము చేయబడినది. ఇల్లు, వైద్యము, పిల్లల సంరక్షణ యజమానుల బాధ్యతలైనవి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు తమిళులు అధికముగానున్న దేవికుళము తాలూకా కేరళలోనే నిలిచినది. 1971లో కేరళ ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేసి, తోటలకు అక్కరలేని కన్నన్ దేవన్ భూములను స్వాధీనపరచుకొన్నది. 1983లో తోటలు టాటా వారి చేతికి పూర్తిగా వచ్చినవి. 2005లో ఉద్యోగులును కార్మికులును వాటాదారులుగా కొత్త సంస్థ ఏర్పడినది.

వాటాలు చేతికి వచ్చినను కూలి కొరత తీరలేదు. 2015 సెప్టెంబరులో బోనసు 20 శాతమునుండి 10 శాతమునకు తగ్గినదని తెలిసి, ఆకు కోయు స్త్రీలు వేలకొలది తోటలు విడిచి వీధిలో కూర్చున్నారు. నాటి దినకూలి 232 రూపాయలు. వారు పార్టీల నాయకులను, సంఘముల నాయకులను దరిచేరనీయలేదు. తమ కూటమికి ‘పెంపిళై ఒరుమై’, అనగా ఆడవారి ఐక్యత, అని పేరు పెట్టుకొన్నారు. తొమ్మిది దినములకు బోనసుతోపాటు అదనపు మొత్తము కలిపి 20 శాతము ఇచ్చుటకు ఒప్పందము కుదిరినది. దినకూలి కూడ తరువాత పెరిగినది గాని, వారు కోరిన 500 రూపాయలకు చేరలేదు.

అయిదేండ్లకు, 2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి, ఎడతెగని వానలో పెట్టిముడి అనుచోట కొండ విరిగి లయములపై పడినది. 70 మంది పోయినారు. వారిలో నలుగురి దేహములు దొరకనేలేదు. బయానా సొమ్ముతో వచ్చిన పూర్వుల నాటి వరుస ఇండ్ల బ్రతుకే వారి మనుమల తరమునకు కూడ మిగిలినదని ఆ రాత్రి దేశమంతయు తెలిసికొన్నది.

మూన్నారు పోవువారు ఇరవికుళము తప్పక చూడవలెను. ఒకప్పుడది దొరల వేటస్థలము. 1975లో అభయారణ్యముగను, 1978లో జాతీయవనముగను ప్రకటింపబడినది. అచ్చట కొండమేకలు మనిషికి బెదరక మేయుచుండును. పండ్రెండేండ్లకొకమారు నీలకురింజి పూచి కొండలు నీలముగా మారును. 2018లో అట్లు పూచినది. తేయాకు రాకపూర్వము ఈ సీమ ఎట్లుండెడిదో ఆ గడ్డి మైదానములు చెప్పును. అటు చూచి ఇటు తోటవైపు తిరిగినచో మనిషి శ్రమ ఎంత పని చేసినదో అర్థమగును.

తోటలో రెండాకులు, ఒక మొగ్గ గిల్లి గంపలో వేయుదురు. పచ్చి ఆకు నాలుగు కిలోలకు పైగా వాడబెట్టి, నలిపి, పులియబెట్టి, ఆరబెట్టినగాని ఒక్క కిలో టీపొడి రాదు. ప్రాతఃకాలమున వార్తలు వినుచు మనము త్రాగు గిన్నెడు తేనీటిలో ఆ నాలుగు కిలోల ఆకు మోసిన వీపు బరువు కూడ కొంత ఉన్నది. చల్లని గాలికై ఆ కొండలకు పోవుట మంచిదే. పోయినప్పుడు తోటను మాత్రమే చూచి రాక, దాని అంచున వరుసగా నిలిచిన చిన్న ఇండ్లవైపు కూడ ఒకమారు చూడుడు. తివాచీ నేసినవారు ఉండునది అచ్చటనే.