నల్ల ఇసుక నీళ్లు

మంచె మీది మనిషి అరచెయ్యి చూడండి. ఇనప గొట్టం పైకి లేచేటప్పుడు ఆ చెయ్యి గొట్టం మూతిని గట్టిగా మూస్తుంది. కిందికి పడేటప్పుడు ఒక్క క్షణం తప్పుకుంటుంది, బురదనీళ్లు ఎగజిమ్ముతాయి. మళ్లీ మూత, మళ్లీ చిమ్ము. కింద ఇద్దరు కుర్రాళ్లు పొడవాటి వెదురు గడ మీద బరువేసి గొట్టాన్ని ఎత్తి దించుతున్నారు. యంత్రం లేదు, డీజిల్ మోత లేదు. గొట్టం చుట్టూ తవ్విన గుంతలో నీళ్లూ ఆవుపేడా కలిపి పోశారు. రంధ్రం గోడలు కూలకుండా పట్టి ఉంచేది ఆ పేడనీళ్లే.

ఇది బంగ్లాదేశ్, చాంద్‌పూర్ జిల్లాలోని మత్లబ్. మేఘనా నది దగ్గర్లోనే ఉంది. యాసంగి పంటైన బోరో వరి నాట్లు పడ్డ రోజులు. ఒక ఇంటి పెరట్లో కొత్త బోరింగు వేస్తున్నారు, ఇంటిల్లిపాదీ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.

గొట్టంలోంచి వచ్చే మట్టి మారుతోంది. మొదట జిగట బంక, తర్వాత ఒండ్రు, ఆపైన సన్న ఇసుక. ఇరవై మీటర్లు దాటేసరికి ఆ ఇసుక ముదురు బూడిద రంగుకు తిరిగింది. బోరు వేసే మిస్త్రి ఒక గుప్పెడు తీసి వెలుగులో చూశాడు, పెదవి విరిచాడు. ఇక్కడి మిస్త్రీలు ఇసుకను నాలుగు రంగుల్లో చెబుతారు: నలుపు, తెలుపు, మాసిన తెలుపు, ఎరుపు. నల్ల ఇసుకలో నీళ్లు దండిగా పడతాయి కానీ వాటికి ఇనుము ఎక్కువ. టీ కాస్తే నల్లబడుతుంది, తెల్లబట్టకు మరక పట్టి వదలదు. ఎర్ర ఇసుక తగిలితే మంచినీళ్లు. 2007లో వెలువడిన పరిశోధన ఒకటి ఈ మత్లబ్‌లోనే ఆ మాటను కొలిచి చూసింది. ఎర్ర ఇసుక నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం చాలావరకు తక్కువ, నల్ల ఇసుక నీళ్లలో ఎక్కువ. మిస్త్రీల కన్ను పొరబడలేదు.

ఆ గుప్పెడు ఇసుక మీరూ చేతిలోకి తీసుకోండి. చల్లగా ఉంది. మధ్యమధ్య అభ్రకం రేకులు తళుక్కుమంటున్నాయి. ఇవి హిమాలయాల రాళ్లు. గంగా బ్రహ్మపుత్రలు అరగదీసి, మోసుకొచ్చి, వేల ఏళ్లుగా ఇక్కడ పేర్చాయి. నదిలో కొట్టుకొచ్చేటప్పుడు ఈ రేణువుల మీద ఎర్రటి పూత ఉండేది. గాలి తగిలిన ఇనుము పూత, అంటే తుప్పే. కొండల్లోంచి వచ్చిన ఆర్సెనిక్ ఆ తుప్పును పట్టుకుని ఉండేది. తుప్పు ఉన్నంతకాలం ఆర్సెనిక్ అక్కణ్ణించి కదలదు. మరి ఈ ఇసుక మీద తుప్పేదీ?

గొట్టం వెంట మనమూ దిగుదాం.

చీకటి. రేణువుకూ రేణువుకూ మధ్య సందుల్లో నీళ్లు, కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదిగా. ఈ నీళ్లలో ఆక్సిజన్ లేదు. ఇంకుతూ దిగే దారిలోనే సూక్ష్మజీవులు దాన్ని ఖర్చుపెట్టేశాయి. తిండికి మాత్రం లోటు లేదు. ఒండ్రుతోపాటు పూడిపోయిన ఆకులు, వేళ్లు, కుళ్లిన గడ్డి పొరలు పొరలుగా ఉన్నాయి. తిన్న తిండిలోంచి శక్తి రావాలంటే అందులోని ఎలక్ట్రాన్లను చివరికి ఎవరో ఒకరు అందుకోవాలి. మన ఒంట్లో ఆ పని ఆక్సిజన్‌ది. ఊపిరి పీల్చుకోవడం అందుకే. ఆక్సిజన్ అయిపోయిన చోట నైట్రేట్ అందుకుంటుంది. అదీ తరిగితే మాంగనీసు, తర్వాత ఇనుము, ఆపైన సల్ఫేట్. అన్నీ అయిపోయాక మీథేన్ పుట్టే దశ. దేనివల్ల ఎక్కువ శక్తి దక్కుతుందో దాని వంతు ముందు వస్తుంది. మనం దిగిన ఈ లోతులో ఇనుము వంతు నడుస్తోంది.

ఒక రేణువు పక్కన ఆగండి. దాని అంచుకు అతుక్కుని, మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడింతలు పొడవున్న ఒక కణం ఉంది. జియోబాక్టర్ కుటుంబానిది. ఇలాంటి జీవిని 1987లో డెరెక్ లవ్‌లీ అమెరికాలోని పోటోమాక్ నది బురదలో పట్టుకున్నాడు. మరుసటి ఏడాది కెన్నెత్ నీల్సన్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా సరస్సు నుంచి మాంగనీసుతో ఊపిరి తీసే బాక్టీరియాను ప్రకటించింది. అంతవరకు నేలలో లోహాల మార్పులను ఎక్కువమంది ఉత్త రసాయన చర్యలుగానే లెక్కవేసేవారు.

ఈ కణానికి ఒక చిక్కుంది. ఆక్సిజన్ అయితే కరిగి కణంలోకి వచ్చేస్తుంది. తుప్పు గట్టి పదార్థం. అది నీళ్లలో కరగదు, కణం గోడ దాటి లోపలికి రాదు. కాబట్టి ఎలక్ట్రానే బయటికి వెళ్లాలి. కణం పొరల్లో సైటోక్రోమ్‌లనే ప్రోటీన్లు వరుసగా ఉన్నాయి, ఒక్కోదాని గుండెలో ఇనుము. ఎలక్ట్రాన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ బయటి పొర దాకా వస్తుంది. అక్కణ్ణించి ఒంటి బయటికి చాచిన సన్నని తీగలు. వీటిలో విద్యుత్తు ప్రవహిస్తుందని 2005లో ప్రకటించారు. 2019లో వాటి నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో చూసినప్పుడు, సైటోక్రోమ్‌లే బారులు తీరి తీగగా ఏర్పడ్డాయని బయటపడింది. ఒనైడా సరస్సులో దొరికిన షెవానెల్లాకు మరో ఉపాయం కూడా ఉంది. అది ఫ్లేవిన్లనే చిన్న అణువులను నీళ్లలోకి వదులుతుంది. అవి ఎలక్ట్రాన్లను మోసుకెళ్లి తుప్పుకు అప్పగించి తిరిగి వస్తాయి. కళ్లు లేని, మెదడు లేని జీవి రాతితో ఊపిరి తీసుకోవడం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎలక్ట్రాన్ తుప్పును చేరింది. ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ అయింది, నీళ్లలోకి జారుకుంది. పూత పలచబడి ఎరుపు పోతోంది, బూడిద రంగు తేలుతోంది. మిస్త్రి వెలుగులో చూసింది ఈ రంగునే. పట్టుకున్న పూత పోవడంతో ఆర్సెనిక్‌కు ఆధారం పోయింది. పైగా సూక్ష్మజీవులు దాన్ని కూడా మారుస్తున్నాయి. ఆవేశం ఉన్న ఆర్సెనేట్ తుప్పుకు గట్టిగా అంటుకుంటుంది. ఎలక్ట్రాన్లు అందుకుని ఆర్సెనైట్ అయ్యాక, ఈ నీళ్లలో దానికి ఆవేశం ఉండదు. సులువుగా నీటివెంట వెళ్లిపోతుంది. సల్ఫేట్ బాగా ఉన్న చోట అయితే ఇంకో జాతి బాక్టీరియా సల్ఫైడ్ చేస్తుంది, అది ఇనుముతో కలిసి పైరైట్‌గా గట్టిపడుతూ ఆర్సెనిక్‌లో కొంత భాగాన్ని మళ్లీ బంధిస్తుంది. సల్ఫేట్ కరువైన పొరల్లో ఆ అడ్డు లేదు.

2004లో మాంచెస్టర్‌లో ఫర్హానా ఇస్లాం, జొనాథన్ లాయిడ్, వారి సహచరులు పశ్చిమ బెంగాల్ మట్టిని గాలి తగలకుండా సీసాల్లో పెట్టి దీన్ని కళ్లారా చూశారు. అసిటేట్‌ను ఆహారంగా వేసిన సీసాల్లో ముందు ఇనుము కరిగింది. ఆర్సెనిక్ ఆ తర్వాత బయటికి వచ్చింది. ఈ జీవులకు భూగర్భంలో ఆహారం ఏ దారిన వస్తోందన్నది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది. పూడిపోయిన పీట్ (సగం కుళ్లిన మొక్కల పొర) నుంచి అని కొందరు, చెరువుల నుంచి ఇంకే కొత్త సేంద్రియ పదార్థం అని మరికొందరు, సాగుకు తోడే మోటర్లు ఆ ఇంకుడును వేగిరం చేస్తున్నాయని ఇంకొందరు.

పైకి వద్దాం. పెరట్లో పని ఆగింది. మిస్త్రి ఇంటి యజమానిని అడుగుతున్నాడు: ఇక్కడే ఆపమంటారా, ఇంకా దింపమంటారా? ఇంకా దింపితే ఇంకా గొట్టం కావాలి, ఇంకో రోజు కూలి కావాలి. నా దృష్టిలో ఈ కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బెంగాల్ డెల్టాలో ఆర్సెనిక్ ఎక్కువగా కనిపించేది సుమారు 15 నుంచి 50 మీటర్ల లోతులో. పేద కుటుంబం బోరింగు దింపగలిగేదీ అంత లోతుకే.

1970ల్లో బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి చేతిపంపులు వేయించాయి. ఆ ఉద్దేశంలో లోపం లేదు. బోరు నీళ్లు తేటగా ఉన్నాయి, ఆర్సెనిక్ కోసం ఎవరూ పరీక్షించలేదు. 1983లో కోల్‌కతాలో చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి ఒంటిమీద నల్లమచ్చలతో, అరచేతులు కాయలు కాసి పల్లెజనం వచ్చారు. వాళ్లు తాగే నీళ్లలో ఆర్సెనిక్ ఉందని ఆయన గుర్తించాడు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి ఏళ్లతరబడి ఊరూరా నీళ్లు పరీక్షించాడు. సరిహద్దుకు ఇవతల, బంగ్లాదేశ్‌లో, ఈ విషం 1993లో బయటపడింది. 1998, 1999ల్లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో 150 మీటర్లలోపు బావుల్లో 27 శాతం బంగ్లాదేశ్ పరిమితిని, అంటే లీటరుకు 50 మైక్రోగ్రాములను, దాటాయి. అంతకంటే లోతైన బావుల్లో దాటినవి ఒక శాతమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఇంకా తక్కువ, 10 మైక్రోగ్రాములు. తర్వాత దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేశారు. ఏళ్లు గడిచి ఆ రంగులు వెలిసిపోయాయి. కొత్తగా వేసినవాటికి ఏ రంగూ లేదు.

నల్గొండ ఫ్లోరైడ్‌ను ఎరిగిన మనకు ఈ బాధ కొత్తది కాదు. అక్కడ విషం గ్రానైట్ రాతిలోంచి వచ్చింది, దారి వేరు. కానీ అక్కడా ఇక్కడా బిందెలో నీళ్లు తేటగానే ఉన్నాయి.

పక్కింటి పాత పంపు కొట్టి ఒక బకెట్ పట్టండి. ముక్కు దగ్గర పెడితే ఇనప వాసన. ఇప్పుడు నీళ్లు అద్దంలా ఉన్నాయి. రేపు పొద్దున చూస్తే అడుగున నారింజ రంగు మడ్డి పేరుకుని ఉంటుంది. గాలి తగలగానే ఫెర్రస్ మళ్లీ ఫెర్రిక్ అయింది, తుప్పుగా పేరుకుంది, పేరుకుంటూ ఆర్సెనిక్‌లో కొంత తనతో పట్టుకుపోయింది. భూమిలో విడిపోయిన జంట బకెట్లో మళ్లీ కలిసింది. బంగ్లాదేశ్‌లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ చేసిన సోనో ఫిల్టరు ఇనుముకున్న ఈ గుణాన్నే వాడుకుంటుంది. దానికి 2007లో గ్రెయింజర్ బహుమతి వచ్చింది. అయితే ఒక రాత్రి నీళ్లు తేర్చుకుంటే చాలు అనుకోవద్దు. తేరుకున్నాక మిగిలేదే హాని చేయడానికి సరిపోవచ్చు.

పొలం గట్టు మీదికి రండి. మోటరు నీళ్లు కాలవలో పారుతున్నాయి, కాలవ పొడవునా ఎర్రగా పట్టింది. మడిలో నీళ్లు నిలిచాక ఆక్సిజన్ మళ్లీ ఖర్చయిపోతుంది, ఇనుము మళ్లీ కరుగుతుంది, పాతాళంలో చూసిన ఆటే జానెడు లోతులో మళ్లీ మొదలవుతుంది. నాటిన మొక్క ఒకటి పీకి వేళ్లు కడిగి చూడండి. వేళ్ల మీద నారింజ పూత. వరి తన వేళ్లలోంచి ఆక్సిజన్ వదులుతుంది, దానికి తగిలిన ఇనుము అక్కడే తుప్పు పడుతుంది. గోదావరి జిల్లాల రైతులు చూసే పూత ఇదే. ఇక్కడ అది ఆర్సెనిక్‌ను కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపలేదు. ఆర్సెనైట్‌కు సిలికాన్ కోసం వరి తెరిచి ఉంచిన దారి ఉంది. ఆ దారినే లోపలికి వెళ్లి గింజ దాకా చేరుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెడితే గింజలో ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం ఉన్న నేలల్లో మాత్రం గింజలో కాడ్మియం పెరిగే ప్రమాదమూ ఉంది.

పెరట్లో మళ్లీ పని మొదలైంది. ఇంటివాళ్లు ఇంకా దింపమన్నారు. చాలాసేపటికి గొట్టంలోంచి వచ్చే ఇసుక రంగు మారింది, తుప్పు ఎరుపు. మంచుయుగంలో, సుమారు 20,000 ఏళ్ల కిందట, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. నదులు లోతుగా కోసుకుపోయాయి, పాత ఇసుకలు గాలికి తేలి బాగా తుప్పు పట్టాయి. ఈ ఎర్ర ఇసుక వాటిలోదే. సూక్ష్మజీవులకు అందే సేంద్రియ ఆహారం వాటిలో తక్కువ. అందుకే పూత ఇంకా ఉంది, ఆర్సెనిక్ ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉంది.

రంగు మంచిదైనంత మాత్రాన నమ్మి తాగకూడదు. ఆర్సెనిక్ తక్కువైన బావుల్లో కొన్నిటిలో మాంగనీసు ఎక్కువ ఉంటుంది. అలాంటి నీళ్లు తాగే పిల్లల మేధస్సు మీద దాని ప్రభావం ఉందని బంగ్లాదేశ్‌లోని అరైహజార్‌లో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం చూపింది. 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చే నాటికి బంగ్లాదేశ్‌లో సుమారు 2 కోట్ల మంది ఇంకా ఆర్సెనిక్ నీళ్లే తాగుతున్నారు. కారణం చాలామందికి తెలుసు, ఉపాయమూ తెలుసు. లోతైన బోర్లు అవసరమైన వాళ్లకు అందలేదు. మీ ఇంట్లో, మీ ఊళ్లో బోరు ఉంటే, తేటగా ఉన్నాయని ఊరుకోకండి. ఆ నీళ్లను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించండి, ఫలితాన్ని ఊరందరికీ కనిపించేలా బోరు మీదే రాయించండి.