ఆటకూ ఆటకూ మధ్య

మీరు ఒకరితో ఆరు ఆటల చదరంగం పోటీకి కూర్చున్నారనుకోండి. మొదటి ఆట మీరే గెలిచారు. మర్నాడు ఎదురుగా అదే మనిషి, కానీ రాత్రికి రాత్రి అతని బుర్రను ఎవరో సవరించారు. ఒప్పుకుంటారా? సూరత్ పక్కన కడోదరాలో మన తెలుగు పిల్లల్ని ఇలా అడిగితే, ‘అది మోసం’ అన్నారు చాలామంది. ఒక అమ్మాయి మాత్రం, ‘రాత్రంతా చదివి పరీక్షకు వెళ్లడం మోసమా సార్?’ అంది.

1997 మేలో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌తో ఐబీఎం వారి డీప్ బ్లూ తలపడింది. దాని తొలిరూపం చిప్‌టెస్ట్ 1985లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అక్కడి రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టర్, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

పోటీ నియమాల ప్రకారం ఆటల మధ్య ప్రోగ్రామ్‌ను మార్చవచ్చు. మొదటి ఆట 44వ ఎత్తులో యంత్రం ఏదీ తేల్చుకోలేక ఏనుగును అర్థంలేకుండా జరిపింది. అది ప్రోగ్రామ్‌లోని దోషం. తర్వాత దాన్ని సరిచేశారు. దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆరో ఆట సంగతి వేరు. ఎనిమిదో ఎత్తులో యంత్రం గుర్రాన్ని బలిచ్చింది. 19 ఎత్తుల్లో కాస్పరోవ్ ఓడిపోయాడు. ఆ బలిని ఆ రోజు ఉదయమే ప్రోగ్రామ్‌లో చేర్చామని, ఐబీఎం బృందంలోని గ్రాండ్‌మాస్టర్ ఇయెస్కాస్ 2009లో చెప్పారు.

అయితే కాస్పరోవ్ మాత్రం రాత్రిళ్లు సహాయకులతో కూర్చోలేదా? కూర్చున్నాడు. నా దృష్టిలో అసలు లోపం మార్చడంలో లేదు. కాస్పరోవ్ ఆటలన్నీ అచ్చులో ఉన్నాయి, ఐబీఎం బృందం చదువుకుంది. డీప్ బ్లూ సాధన ఆటలు మాత్రం ఆయనకు ఇవ్వలేదు. రెండో ఆట తర్వాత ఆయన అడిగిన యంత్రపు లెక్కల చిట్టా కూడా పోటీ అయ్యాకే బయటికొచ్చింది.

ఇద్దరి పోటీకీ, పదిమంది పోటీకీ ఇంకో తేడా ఉంది. ప్రోగ్రామ్‌లే ఒకదానితో ఒకటి తలపడే టోర్నమెంట్‌ను తీసుకోండి. మధ్యలో ఒకటి మారితే, ముందు దానితో ఆడినవారికి పాత ప్రత్యర్థి, తర్వాత ఆడినవారికి కొత్త ప్రత్యర్థి. అప్పుడు పాయింట్లను పక్కపక్కన పెట్టి పోల్చేదెలా? అందుకే 2010లో మొదలైన టీసీఈసీ పోటీల్లో, ఆట ఆగిపోయేంత దోషం ఉంటే తప్ప, సాధారణంగా ఒక దశ ముగిశాకే కొత్త కూర్పును అనుమతిస్తారు.

చాంపియన్‌ను ఓడించే యంత్రానికి ఫ్రెడ్కిన్ 1980లో ప్రకటించిన లక్ష డాలర్ల బహుమతిని 1997లో డీప్ బ్లూ పేరున ఇచ్చారు. డబ్బు అందుకున్నది మాత్రం హ్సూ, క్యాంప్‌బెల్, హోన్ అనే ముగ్గురు మనుషులు.